పన్నెండు పన్నెండ్ల పరుగు

భారతములోని నలోపాఖ్యానమును చదివినవారికి ఋతుపర్ణుని ఉత్తరీయము సంగతి జ్ఞాపకముండును. అయోధ్య నుండి విదర్భకు ఒక్క పగటిలో చేరవలెనని రాజు రథమెక్కినాడు. బాహుకుడను పేర సారథియై యున్నవాడు నలుడు. గుర్రములు గాలితో పోటీ పడుచుండగా రాజు పైబట్ట జారి పడినది. రథమాపి దానిని తెప్పింపుమని రాజు కోరగా, అది యిప్పటికే యోజన దూరము వెనుకబడినదని సారథి బదులు చెప్పినాడు. మరికొంత దూరము పోయిన పిమ్మట ఋతుపర్ణుడు తన విద్యను చూపదలచి, త్రోవ ప్రక్కనున్న తాండ్రచెట్టును ఒక్కమారు పరికించి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పినాడు. నలుడు ఆ మాటను వినినంతనే నమ్మలేదు. ప్రయాణమునకు ఆలస్యమగునని రాజు తొందరపడుచున్నను వినక, రథమునాపి, చెట్టును కూల్చి, లెక్కపెట్టి చూచినాడు. లెక్క సరిపోయినది. అటుపిమ్మట ఆ యిద్దరును తమ తమ విద్యలను ఒకరికొకరు ఇచ్చుకొన్నారు. ఒకటి అశ్వహృదయము, రెండవది అక్షహృదయము.

గుర్రమును ఎరిగిన విద్య ఒకటి, లెక్కను ఎరిగిన విద్య ఒకటి. ఈ రెండును కలిసినచో ఏమి తెలియునో చూపుటకు ఇటీవలి కాలమున ఒక గుర్రపు చరిత్ర కలదు. అది అమెరికా దేశపు గుర్రము. దాని పేరు సెక్రటేరియట్. 1970 మార్చి 30 న వర్జీనియా రాష్ట్రమున పుట్టినది. మూడేండ్ల ప్రాయమున, 1973 మే 5 మొదలు జూన్ 9 వరకు, సరిగా ఐదు వారములలో, మూడు వేర్వేరు ఊళ్లలో మూడు వేర్వేరు దూరములకు జరిగిన మూడు ప్రసిద్ధ పందెములను గెలిచినది. ఐదు దశాబ్దములు గడచినను ఆ పందెములలో ఆ దూరములకు అది నెలకొల్పిన కాలములను మరియొక గుర్రము దాటలేదు. గుర్రపు పందెములనగానే జూదము గుర్తుకు వచ్చుట సహజమే. ఆ డబ్బుతో మనకిక్కడ పని లేదు. ఆ పరుగును భాగములుగా విడదీసి చూచిన లెక్కతోనే మన పని.

ఫర్లాంగునకు పన్నెండు సెకండ్లు

ఫర్లాంగు మాట మన తెలుగువారికి క్రొత్త కాదు. రోడ్ల ప్రక్కన మైలురాళ్ల నడుమ ఫర్లాంగు రాళ్లను లెక్కించుకొనుచు బడికి నడచినవారు ఇంకను మన నడుమ ఉన్నారు. ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు. ఒక ఫర్లాంగు 220 గజములు, అనగా 201 మీటర్లకు కొంచెము పైన. మన దేశమున పందెములిప్పుడు మీటర్లలో జరుగుచున్నవి. 1200 మీటర్ల పందెము సుమారు ఆరు ఫర్లాంగులు, 2400 మీటర్ల పందెము సుమారు పన్నెండు ఫర్లాంగులు. అమెరికాలో నేటికిని మైళ్లు, ఫర్లాంగులే వాడుకలో నున్నవి. అక్కడ మైదానము చుట్టును దూరములను తెలుపు స్తంభములుండును. గుర్రము పావుమైలు దాటినప్పుడెల్ల కాలమును గుర్తింతురు. 1973 లో ఆ గుర్తింపు సెకండులో అయిదవ వంతు వరకే ఉండెడిది. లెక్కకు సులువుగా నుండుటకు ఇచ్చట దానిని దశాంశములలో వ్రాయుచున్నాను.

గుర్రములను తర్ఫీదు చేయువారికి ఒక కొలబద్ద కలదు. ఫర్లాంగునకు పన్నెండు సెకండ్లు. అది గంటకు 60 కిలోమీటర్ల పైచిలుకు వేగము. వేకువ జామున గుర్రమెక్కి, చేత గడియారము లేకయే, పన్నెండు సెకండ్లకు ఒక ఫర్లాంగు చొప్పున పరుగెత్తించుటను రౌతులు అభ్యాసము చేయుదురు. తాళము వేయువానికి లయవలె ఆ వేగము వారి ఒంటికి పట్టవలెను.

అయితే దూరము పెరిగిన కొలది ఈ వేగమును నిలుపుకొనుట కష్టము. కొన్ని లెక్కలు చూడుడు. 2008 లో విన్నింగ్ బ్రూ అను గుర్రము రెండు ఫర్లాంగులను 20.57 సెకండ్లలో పరుగెత్తినది. ఫర్లాంగునకు 10.3 సెకండ్లు. 1968 లో డాక్టర్ ఫేగర్ అను గుర్రము ఒక మైలును 92.2 సెకండ్లలో ముగించినది. ఫర్లాంగునకు 11.5 సెకండ్లు. 1964 లో కెల్సో అను గుర్రము రెండు మైళ్లను 199.2 సెకండ్లలో ముగించినది. ఫర్లాంగునకు 12.45 సెకండ్లు. మైలుకు పట్టిన 92.2 ను రెండింతలు చేసినచో 184.4 వచ్చును. కాని రెండు మైళ్లకు పట్టినది దానికి దాదాపు 15 సెకండ్లు ఎక్కువ. త్రైరాశికము ఇచ్చట పనికిరాదు. ఒక పనివాడు ఒక రోజులో ఇంత పని చేసిన పది రోజులలో ఎంత చేయునని మనము పిల్లలకిచ్చు లెక్కలలో పనివాడెన్నడును అలసిపోడు. గుర్రము అలసిపోవును. ఈ మూడును వేర్వేరు గుర్రములు, వేర్వేరు మైదానములు అన్న మాట నిజమే. ఒకే గుర్రము వేర్వేరు దూరములకు ఎట్లు పరుగెత్తునో తెలిసినగాని పోలిక పూర్తి కాదు. సెక్రటేరియట్ కథకు విలువ అందువలననే వచ్చినది.

నానాటికి కాదు, పావుమైలు పావుమైలుకు

మొదటి పందెము కెంటకీ డెర్బీ. మే 5 న లూయీవిల్ నగరమున జరిగినది. దూరము ఒకటింబావు మైలు, అనగా పది ఫర్లాంగులు. సెక్రటేరియట్ దానిని 119.4 సెకండ్లలో ముగించినది. ఫర్లాంగునకు పన్నెండు సెకండ్లయినచో 120 పట్టవలెను. ఆ కొలబద్దకు ఆరు పదవ వంతుల సెకండు మిగిలినదన్నమాట. మొత్తము కాలమును మాత్రము చూచినవారికి ఇంతే తెలియును.

ఆ పరుగును పావుమైలు చొప్పున అయిదు భాగములు చేసి చూచినచో మొదటి భాగమునకు 25.2, రెండవదానికి 24.0, మూడవదానికి 23.8, నాలుగవదానికి 23.4, అయిదవదానికి 23.0 సెకండ్లు పట్టినవి. ప్రతి భాగమును అంతకు ముందు భాగము కంటె వేగముగా పరుగెత్తినది. మొదట అన్నిటికంటె వెనుక నుండి, పోను పోను వేగమును పెంచుకొని, అలసిపోవలసిన చోట అన్నిటికంటె వడిగా పరుగెత్తినది. అలసటయే నియమమైన చోట ఇట్టిది అరుదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన చిక్కు ఒకటి కలదు. పందెము ముగిసిన పిమ్మట పత్రికలలో ప్రకటించు విభాగ కాలములు గెలిచిన గుర్రమువి కావు. ఆయా స్థలములలో ఏ గుర్రము ముందున్నదో దానివి. నాటి డెర్బీలో మొదటి పావుమైలుకు ప్రకటించిన కాలము 23.4 సెకండ్లు. అది ముందు పరుగెత్తిన షెకీ గ్రీన్ అను గుర్రపు కాలము. సెక్రటేరియట్ అప్పటికి 1.8 సెకండ్లు వెనుకనున్నది. ఆ 23.4 ను సెక్రటేరియట్‌కు అంటగట్టినవాడు దాని పరుగును పూర్తిగా తారుమారుగా అర్థము చేసికొనును. అంకె నిజమే. అది ఎవరి అంకెయో తెలియకున్న ఆ నిజమే అబద్ధమగును.

గడియారముతో పోటీ

మూడవ పందెము బెల్మాంట్. జూన్ 9 న న్యూయార్క్‌లో జరిగినది. దూరము ఒకటిన్నర మైలు, పన్నెండు ఫర్లాంగులు. మూడేండ్ల గుర్రములకు ఇది కఠిన పరీక్ష. బరిలో దిగినవి అయిదు గుర్రములు. వానిలో షామ్ అను గుర్రమొకటి. డెర్బీలోను, రెండవ పందెమైన ప్రీక్‌నెస్‌లోను సెక్రటేరియట్ వెనుక రెండవ స్థానమున నిలిచినది అదియే. డెర్బీనాడు ద్వారపు ఇనుమునకు మూతి తగిలి రెండు పండ్లు ఊడినను ఆ షామ్ రెండవదిగా వచ్చినది. సామాన్యమైన గుర్రము కాదు.

బెల్మాంట్‌లో ఈ రెండును మొదటి నుండియే ప్రక్కప్రక్కన పరుగు లంకించుకొన్నవి. మొదటి పావుమైలు 23.6 సెకండ్లు, రెండవది 22.6, మూడవది 23.6. ఆరు ఫర్లాంగులు ముగియునప్పటికి 69.8 సెకండ్లు. ఆరు ఫర్లాంగులకే ముగియు పొట్టి పందెమునకు అది మెచ్చదగిన కాలము. కాని ఈ పందెమునకు ఇంకను ఆరు ఫర్లాంగులు మిగిలియున్నవి. ఈ వేగము ఆత్మహత్యా సదృశమని చూచువారు భయపడిరి. వారి భయము సగము నిజమైనది. షామ్ అచ్చట నుండి వెనుకబడసాగినది. పందెము ముగియునప్పటికి అయిదింటను అయిదవదిగా వచ్చినది. తరువాత అది మరి యే పందెమునను పాల్గొనలేదు. కొలది వారములకు దాని కాలి యెముకలో సన్నని చీలిక కనబడినది.

సెక్రటేరియట్ పరుగు ఆపలేదు. మిగిలిన మూడు పావుమైళ్లకు 24.4, 24.8, 25.0 సెకండ్లు పట్టినవి. మొత్తము 144 సెకండ్లు. 1957 లో గాలంట్ మాన్ అను గుర్రము నెలకొల్పిన 146.6 సెకండ్ల కాలమును అది రెండున్నర సెకండ్లకు పైగా తగ్గించినది. రెండవ గుర్రమునకు దీనికి నడుమ 31 గుర్రపు నిడివుల ఎడము. చివరి ఘట్టమున దానిపైనున్న రౌతు రాన్ టర్కాట్ తల త్రిప్పి మైదానములోని గడియారము వైపు చూచినాడు. ఆ ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. వెనుక చూచుటకు దరిదాపుల మరియొక గుర్రము లేదు. గడియారమొక్కటే ప్రత్యర్థి.

ఇప్పుడు ఎక్కము చదువుదము. పన్నెండు పన్నెండ్లు నూట నలుబది నాలుగు. పన్నెండు ఫర్లాంగులు, ఫర్లాంగునకు పన్నెండు సెకండ్లు, మొత్తము 144 సెకండ్లు. రౌతులు అభ్యాసము చేయు కొలబద్దకు వీసమెత్తు తేడా లేదు. అయినను ఏ ఒక్క పావుమైలును అది సరిగా 24 సెకండ్లలో పరుగెత్తలేదు. మొదటి మూడు భాగములలో 0.4, 1.4, 0.4 సెకండ్ల చొప్పున మొత్తము 2.2 సెకండ్లు మిగిల్చుకొన్నది. చివరి మూడు భాగములలో 0.4, 0.8, 1.0 చొప్పున అదే 2.2 సెకండ్లను వెచ్చించినది. జమయు ఖర్చును సరిపోయినవి. సరాసరి పన్నెండు, కాని నిలకడగా పన్నెండున్న చోటు లేదు.

డెర్బీ పరుగును దీని ప్రక్కన పెట్టి చూడుడు. బెల్మాంట్‌లో పది ఫర్లాంగులు ముగిసిన స్థలమున గడియారము చూపినది 119.0 సెకండ్లు. డెర్బీలో పది ఫర్లాంగులకు పట్టినది 119.4. అనగా ఇంకను రెండు ఫర్లాంగులు మిగిలియుండగనే అది తన డెర్బీ కాలమును దాటిపోయినది. మొత్తములు దాదాపు సమానము. లోపలి నడకలు మాత్రము ఒకదానికొకటి తలక్రిందులు. డెర్బీలో మొదటి పావుమైలు 25.2, అయిదవది 23.0. బెల్మాంట్‌లో మొదటిది 23.6, అయిదవది 24.8. ఒకచోట కూడబెట్టి చివర వెచ్చించినది. మరియొకచోట ముందే వెచ్చించి, మిగిలినదానితో ఓర్చుకొన్నది. రెండు మైదానములు వేరు, నేలలు వేరు. పైగా అమెరికాలో ద్వారము తెరచిన క్షణమున కాక, గుర్రములు కొంత దూరము సాగి ఒక గుర్తును దాటిన పిమ్మటనే గడియారము మొదలగును. ఆ కొంత దూరము అన్ని మైదానములలో ఒకటే కాదు. కాబట్టి ఆ 0.4 సెకండ్ల తేడాపై పెద్ద సిద్ధాంతము కట్టరాదు. పరుగుల స్వరూపములోని తేడా మాత్రము ఇట్టి సవరణలతో చెరిగిపోవునది కాదు.

ముప్పది తొమ్మిది ఏండ్ల తగవు

రెండవ పందెమును కావలెననియే చివరకు ఉంచితిని. ప్రీక్‌నెస్ మే 19 న బాల్టిమోర్ నగరమున జరిగినది. దూరము తొమ్మిదిన్నర ఫర్లాంగులు. గెలుపు విషయమున ఎవరికిని సందేహము లేదు. తగవంతయు కాలము మీద. విద్యుత్ గడియారము 115 సెకండ్లని చూపినది. మైదానపు కాలగణకుడు చేతి గడియారముతో కొలిచినది 114.4. ఒక పందెముల పత్రికకు చెందిన ఇద్దరు, ఎవరికి వారుగా కొలిచినను, 113.4 అన్నారు. గెలుచుటకు 115 అయినను చాలును. కాని 1971 లో నెలకొల్పిన 114 సెకండ్ల కాలమును దాటెనా లేదా అన్నది ఆ అంకెపైననే ఆధారపడినది. రెండు దినములైన పిమ్మట అధికారులు 114.4 ను ఖాయము చేసిరి. గుర్రము 1989 లో చనిపోయినది. తగవు చావలేదు. యజమానురాలు పెన్నీ చెనరీ కోరికపై 2012 లో మేరీలాండ్ పందెముల సంఘమువారు నాటి చలనచిత్రమును నూతన సాధనములతో మరల పరిశీలింపజేసి, నిజమైన కాలము 113 సెకండ్లని తీర్మానించిరి. నాటి గడియారములలో దేనికిని అందని అంకె ఇది. అప్పటికి ఆమెకు తొంబది ఏండ్లు. తాండ్రచెట్టును కూల్చి లెక్క సరిచూచుటకు ఈ చోట ముప్పది తొమ్మిది ఏండ్లు పట్టినది.

శాస్త్రము చెప్పునది

ఎట్టి పరుగు మేలు? మొదట దాచుకొని చివర వెచ్చించుటయా, మొదటనే వెచ్చించుటయా? ఈ ప్రశ్నను గణితశాస్త్రజ్ఞులు కూడ చేపట్టినారు. సెక్రటేరియట్ పరుగెత్తిన ఆ 1973 లోనే జోసెఫ్ కెల్లర్ అను అమెరికా గణితజ్ఞుడు మనుష్యుల పరుగు పందెములపై ఒక సిద్ధాంతమును ప్రకటించినాడు. 291 మీటర్లలోపు దూరమైనచో ఆద్యంతము పూర్తి బలముతో పరుగెత్తవలెను. అంతకు మించినచో త్వరగా వేగమందుకొని, నడుమ సమవేగమున సాగి, చివర కొంచెము తగ్గుట ఉత్తమమని ఆయన లెక్క తేల్చినాడు. 2020 లో ఫ్రాన్సు దేశమున క్వెంటిన్ మెర్సియే, అమాండీన్ అఫ్తాలియన్ అను ఇరువురు శాంటియీ మైదానములో 1300 మీటర్లు మొదలు 2100 మీటర్ల వరకు జరిగిన గుర్రపు పందెముల కొలతలను తీసికొని అట్టి లెక్కనే గుర్రములకు వేసినారు. చాల వెనుకనుండి చివర ఉరుకుట కంటె, బలముగా మొదలుపెట్టి ఆ జోరును నిలుపుకొనుటయే మేలని వారు కనుగొన్నారు. అయితే మొదట మితిమీరి వెచ్చించిన గుర్రము చివర చేతులెత్తివేయును. షామ్‌కు జరిగినది అదియే.

దీనికి మూలము దేహములో నున్నది. దౌడు తీయుచున్న గుర్రము అంగకొక ఊపిరి తీయును. అంగకును ఊపిరికిని పొత్తు తప్పదు. ఊపిరి ద్వారా అందు ప్రాణవాయువుతో పుట్టు బలమొకటి, అది చాలనప్పుడు కండరములు తమ నిలువ నుండి తీసి ఇచ్చు బలము మరియొకటి. రెండవది వడిగా అందును, వడిగా తరిగిపోవును. పొట్టి పందెములు ఎక్కువగా ఆ నిలువపై నడచును. పొడుగు పందెములు ఊపిరిపై నడచును. 2010 లో ఐర్లండు దేశపు శాస్త్రజ్ఞురాలు ఎమెలిన్ హిల్, ఆమె సహచరులు, కండరముల పెరుగుదలను అదుపుచేయు ఒక జన్యువులోని భేదమునుబట్టి గుర్రము పొట్టి దూరములకు తగినదో, నడిమి దూరములకో, పొడుగు దూరములకో ఊహింపవచ్చునని చూపినారు. అందుచేతనే ఒక దూరమునకు మేటియైనది మరియొక దూరమునకు మేటి కాకపోవుట సాధారణము. అయిదు వారములలో మూడు దూరములకు మేటియగుట అసాధారణము.

ఈ వేగమునకు మనుష్యులు కూడ వెల చెల్లింతురన్న మాటను మరువరాదు. గడియారము వైపు తల త్రిప్పి చూచిన ఆ రాన్ టర్కాట్ 1978 లో అదే బెల్మాంట్ మైదానమున మరియొక గుర్రము మీద నుండి పడి నడకకు దూరమైనాడు. 2025 లో మరణించు వరకు చక్రముల కుర్చీయే ఆయనకు వాహనము.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. ఒకే తరగతిలో ఇద్దరు పిల్లలకు సంవత్సరాంతమున మార్కుల మొత్తము ఒకటే రావచ్చును. ఒకడు మూడుమాసముల పరీక్ష నుండి మెట్టు మెట్టుగా పైకి వచ్చినవాడు. మరియొకడు మొదట మెరసి నానాటికి జారినవాడు. మొత్తమును చూచి ఇద్దరును సమానులని వ్రాసి ఊరకుందుమా?

ఇక పిల్లలచేత చేయింపదగిన పని ఒకటి కలదు. మీ బడి ఆటస్థలములో పిల్లలను నాలుగు చుట్లు పరుగెత్తింపుడు. ఒకడు గడియారము పట్టుకొని గీతవద్ద నిలిచి, చుట్టు చుట్టుకు కాలమును బిగ్గరగా చదువవలెను. మరియొకడు వ్రాసికొనవలెను. పరుగు ముగిసిన పిమ్మట మొత్తమును ప్రకటించుటకు ముందు, ఆ నాలుగంకెలను నల్లబల్లపై వ్రాసి, ఎవడు దాచుకొన్నాడో, ఎవడు ముందే వెచ్చించినాడో పిల్లలనే చెప్పనిండు. గెలిచినవాని పేరు తరువాత చెప్పవచ్చును.